జోన్స్ కౌంటీ నిజంగా విడిపోయిందా? అమెరికా అంతర్యుద్ధంలో ఒక మారుమూల రైతుల కౌంటీ గురించి చర్చ

నల్లరేగడి

అమెరికా అంతర్యుద్ధం మీద తెలుగులో వచ్చే వీడియోల్లో ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. మిసిసిపీ రాష్ట్రం 1861లో అమెరికా నుండి విడిపోతే, ఆ రాష్ట్రంలోనే ఉన్న జోన్స్ అనే చిన్న కౌంటీ తిరిగి మిసిసిపీ నుండి విడిపోయి స్వతంత్ర రాజ్యంగా ప్రకటించుకున్నదట. వినడానికి ఎంతో బాగుంది. అయితే ఆ ప్రకటన ఎవరు చేశారు, ఏ ఊళ్ళో చేశారు, ఏ తేదీన చేశారు అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతున్నారు.

కౌంటీ అంటే మన జిల్లాకు తక్కువ, మండలానికి ఎక్కువ అనుకోవచ్చు. దానికి సొంత కోర్టు, సొంత షెరీఫు, పన్ను వసూలు చేసే సొంత యంత్రాంగం ఉంటాయి. అటువంటి పల్లెటూళ్ళ కౌంటీ ఒకటి ఆ నాలుగేళ్ళలో ఏం చేసింది, దాని మీదకు ఏమేం వచ్చిపడ్డాయి అన్న విషయం తెలిసినవారు వివరించగలరా? అక్కడి తిరుగుబాటుకు నాయకుడైన న్యూటన్ నైట్ అనే ఒక్క మనిషి వీరగాథగా కాకుండా కౌంటీ కథగా చెబితే ఇంకా సంతోషం.

పాతకాగితాలు

నల్లరేగడి గారూ, తేదీ దొరకకపోవడానికి కారణం ఉంది. జోన్స్ కౌంటీ ప్రజలు సమావేశమై విడిపోతున్నామని తీర్మానించినట్టు నమ్మదగిన పత్రం ఏదీ లేదు. యుద్ధం జరుగుతుండగానే పుట్టిన పుకారు అది. 1864 జూలైలో నాచెజ్ పట్టణపు పత్రిక ఒకటి జోన్స్ కౌంటీ విడిపోయిందని రాసింది. అంతకుముందే, ఫిబ్రవరి చివర్లో, ఉత్తరాది సేనాని షెర్మన్ తన పైఅధికారికి రాసిన లేఖలో, అక్కడి మనుషుల దగ్గరనుండి తనకు స్వాతంత్ర్య ప్రకటన లాంటిది ఒకటి అందిందని ప్రస్తావించాడు. ఈ రెండింటికీ ముప్పై, నలభై ఏళ్ళపాటు జనం నోట పెరిగిన కల్పన తోడై, రాజ్యాంగం, అధ్యక్షుడు ఉన్న ఒక చిట్టి రాజ్యం తయారైంది.

అసలు సంగతి అర్థం కావాలంటే 1860 నాటి జనాభా లెక్కలతో మొదలుపెట్టాలి. ఆ ఏడాది మిసిసిపీ రాష్ట్ర జనాభాలో సుమారు 55 శాతం మంది బానిసలు. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఇసాక్వీనా కౌంటీలోనైతే నూటికి 92 మంది బానిసలే. జోన్స్ కౌంటీలో 2,916 మంది తెల్లవారు ఉంటే బానిసలు 407 మంది, అంటే నూటికి పన్నెండు మంది. రాష్ట్రం మొత్తంలో ఇంత తక్కువ నిష్పత్తి మరెక్కడా లేదు. ఇక్కడి రైతులు మొక్కజొన్న, చిలగడదుంపలు పండించుకుని, పందులనూ పశువులనూ అడవిలోకి మేతకు వదిలి బతికేవారు. అమ్మకానికి పత్తి వేసినవారు ఉన్నారు గానీ, పత్తి మీదనే నిలబడిన కౌంటీ మాత్రం కాదు.

అందుకే 1860 డిసెంబరులో, రాష్ట్రం విడిపోవాలా వద్దా అని తేల్చే సభకు ప్రతినిధిని ఎన్నుకొమ్మన్నప్పుడు, తొందరపడి విడిపోవద్దన్న జాన్ పావెల్‌ను జోన్స్ ఓటర్లు గెలిపించి పంపారు. 1861 జనవరి 9న జాక్సన్ నగరంలో చివరి ఓటింగు వచ్చేసరికి ఆ పెద్దమనిషి గాలివాటం చూసుకుని విడిపోవడానికే ఓటు వేశాడు. అనుకూలంగా 84, వ్యతిరేకంగా 15 ఓట్లు పడ్డాయి. కౌంటీ కేంద్రమైన ఎల్లిస్‌విల్‌లో అతని దిష్టిబొమ్మను తగలబెట్టారని చెబుతారు. నిజానికి కౌంటీ తన అభిప్రాయాన్ని పెట్టెలో వేసి పంపింది ఆ ఒక్కసారే. ఆ తరువాత దాన్ని అడిగినవారెవరూ లేరు.

తూర్పుగాలి

పై టపాలోని వివరాలతో నాకు పేచీ లేదు. అయితే అది చదివితే, బానిసలు తక్కువ కాబట్టి ఆ రైతులు మొదటినుండీ యూనియన్ పక్షం, అంటే అమెరికా విడిపోకూడదన్న ఉత్తరాది పక్షం అనే భావన కలుగుతుంది. అది పూర్తిగా నిజం కాదు. యుద్ధం మొదలయ్యాక జోన్స్ కౌంటీ యువకులు చాలామంది దక్షిణాది సైన్యంలో చేరారు. కొందరు ఉత్సాహంతోనూ, కొందరు ఇరుగుపొరుగు వెళుతున్నారనీ వెళ్ళారు. 1862 ఏప్రిల్‌లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చాక, ఎలాగూ పట్టుకుపోతారు కదా, బంధువులూ ఊరివాళ్ళూ ఉన్న దళంలోనే ఉందామని మిగిలినవారూ చేరారు. న్యూటన్ నైట్ కూడా అటువంటివాడే. ఏడవ మిసిసిపీ బెటాలియన్‌లో పనిచేశాడు.

వాళ్ళ మనసు విరిచినది 1862 అక్టోబరులో వచ్చిన చట్టం. ఇరవై మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడి చొప్పున సైనిక సేవ నుండి మినహాయింపు ఇచ్చారు. బానిసలు తిరగబడకుండా కాపలా కావాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. సరిగ్గా ఆ నెల మొదటి వారంలోనే మిసిసిపీలోనే ఉన్న కొరింత్ దగ్గర జరిగిన పోరాటంలో మిసిసిపీ దళాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఇక్కడ ప్రాణాలు పోతుంటే అక్కడ ఇరవై మంది బానిసలున్నవాడు ఇంట్లో కూర్చోవచ్చు అన్నమాట. ధనవంతుడి యుద్ధం, పేదవాడి పోరాటం అన్న మాట అప్పట్లో దక్షిణాది అంతటా పాకింది. నైట్ స్నేహితుడు జాస్పర్ కాలిన్స్ ఆ మాటే అని తుపాకీ దించేసి ఇంటిదారి పట్టాడని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు.

దాని తరువాత వచ్చినది పన్ను. 1863 ఏప్రిల్ చట్టం ప్రకారం ప్రతి రైతూ తన పంటలో, పందిమాంసంలో పదో వంతు ప్రభుత్వానికి సరుకు రూపంలో కొలవాలి. మగవాళ్ళు లేని ఇంట్లో ఒక ఆడమనిషి, నలుగురు పిల్లలు కలిసి పండించిన మొక్కజొన్నలో పదో వంతు అది. దానికి అదనంగా సైన్యానికి అవసరమని చెప్పి గుర్రాలనూ, కంచరగాడిదలనూ, నేతబట్టనూ అధికారులు పట్టుకుపోయేవారు. దుక్కికి పశువు లేని రైతుకు మిగతా తొమ్మిది వంతులు మాత్రం ఎక్కడివి?

కాబట్టి నా అభిప్రాయంలో జోన్స్ కౌంటీ కథ రాజ్యాల కథ కాదు, గాదెల కథ. ఇంటినుండి వచ్చిన ఉత్తరాలు చదివి సైనికులు వెనక్కి వచ్చారు. వచ్చినవారిని పట్టుకోవడానికి సైన్యం వచ్చింది. పట్టుబడకుండా ఉండడానికి వాళ్ళు గుంపు కట్టారు. ఇంతకు మించి వాళ్ళకు రాజకీయ సిద్ధాంతం అంటగట్టడం తరువాతి వాళ్ళు చేసిన పని.

పైన్‌వనం

నేను జోన్స్ కౌంటీకి పక్కనే ఉన్న హాటీస్‌బర్గ్‌లో చదువుకుంటున్నాను. ఎల్లిస్‌విల్ మా ఊరినుండి అరగంట ప్రయాణం. నేల చూస్తే తూర్పుగాలి గారు చెప్పిన సగం సంగతులు అర్థమవుతాయి. ఇది ఇసుక కలిసిన బలహీనమైన నేల, మీద పొడవాటి పైన్ చెట్లు, లీఫ్ నదికీ దాని వాగులకూ ఇరువైపులా మనిషి దూరడానికి వీల్లేని చిత్తడి. తోటలు పెట్టి వందలమంది చేత పత్తి తీయించే ధనవంతుడికి ఈ నేల పనికిరాదు. వెనకనుండి తరుముతున్నవాడి నుండి తప్పించుకునేవాడికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. యుద్ధకాలానికి ఈ కౌంటీలో రైలుమార్గమే లేదు. ఇప్పుడు కౌంటీలో పెద్ద ఊరైన లారెల్ 1882 తరువాత కలప కోసం పుట్టినది, మా హాటీస్‌బర్గ్ కూడా అప్పటి ఊరే.

ఎల్లిస్‌విల్‌లో ఏమస్ డీసన్ ఇల్లు ఇంకా నిలిచి ఉంది. 1863 అక్టోబరు 5న ఈ ఇంట్లోనే మేజర్ ఏమస్ మెక్‌లెమోర్‌ను కాల్చి చంపారు. ఆయన పరాయివాడు కాదు. ఇక్కడే బడిపంతులుగా, మతబోధకుడిగా, వ్యాపారిగా బతికినవాడు. మొదట్లో ఆయన కూడా రాష్ట్రం విడిపోవడాన్ని వ్యతిరేకించాడు. యుద్ధం వచ్చాక ఊరివాళ్ళతో దళం కట్టి వెళ్ళాడు. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న కోట పట్టణం విక్స్‌బర్గ్ పతనం తరువాత, సైన్యం విడిచివచ్చినవారిని వెతికి పట్టుకోవడానికి సొంత కౌంటీకే అధికారిగా తిరిగి పంపబడ్డాడు. ఎవరు ఎవరి చుట్టమో, ఎవరి పొలం వెనక ఏ దారి ఉందో ఆయనకు తెలుసు. ఆయన్ను ముందుగా చంపడానికి కారణం కూడా అదే అయివుంటుంది. కాల్చింది నైట్ అని అందరూ నమ్మారు. కోర్టులో ఎన్నడూ విచారణ జరగలేదు.

ఇప్పుడు చూడడానికి వచ్చినవారికి నెత్తుటి మరకల గురించీ, వాటంతటవే తెరుచుకునే తలుపుల గురించీ కథలు చెబుతారు. ఒకే ఊరివాళ్ళు రెండు పక్షాలై ఒకరినొకరు చంపుకున్న సంగతి కన్నా దెయ్యాల కథ చెప్పడం సులువు కాబోలు.

నల్లరేగడి

ధన్యవాదాలు. విక్స్‌బర్గ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఆ పతనానికీ జోన్స్ కౌంటీకీ సంబంధం ఏమిటి? మరొకటి, అడవిలో దాక్కుని పన్ను అధికారుల సరుకు దోచుకున్న గుంపును ఆనాటి ప్రభుత్వం దొంగల ముఠా అన్నది. వాళ్ళు దొంగలు కారని ఎలా చెప్పగలం?

పాతకాగితాలు

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగా ఉంది. ఏడవ బెటాలియన్‌లోని జోన్స్ ప్రాంతపు సైనికులు చాలామంది విక్స్‌బర్గ్ ముట్టడిలో చిక్కుకున్నారు. నలభై ఏడు రోజులు కోటలో చిక్కుకుని, ఆఖరికి కంచరగాడిదల మాంసం తిని, 1863 జూలై 4న లొంగిపోయారు. మళ్ళీ యుద్ధంలోకి దిగబోమని మాట ఇచ్చిన మీదట ఉత్తరాది సైన్యం వాళ్ళను విడిచిపెట్టింది. దక్షిణాది ప్రభుత్వం మాత్రం ఖైదీల మార్పిడి అయిపోయిందని చెప్పి, మళ్ళీ దళాలకు రమ్మని పిలిచింది. ఇంటికి చేరినవారిలో చాలామంది కదలలేదు. ఆ వేసవి తరువాత జోన్స్ అడవుల్లో ఉన్నది పారిపోయిన నలుగురైదుగురు కాదు, ఓడిపోయిన సైన్యపు ముక్క ఒకటి.

మెక్‌లెమోర్ హత్య జరిగిన ఎనిమిది రోజులకు, అక్టోబరు 13న, వాళ్ళు నైట్‌ను కెప్టెన్‌గా ఎన్నుకుని దళంగా ఏర్పడ్డారు. జోన్స్‌తోపాటు జాస్పర్, కోవింగ్టన్, పెర్రీ, స్మిత్ కౌంటీల వాళ్ళూ అందులో ఉన్నారు. నైట్ తరువాత ఇచ్చిన జాబితాలో యాభై అయిదు మంది పేర్లున్నాయి. ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకానికి ముఖ్య కారణం చుట్టరికం. నైట్, కాలిన్స్, వాలంటైన్ వంటి కొన్ని ఇంటిపేర్లే జాబితాలో మళ్ళీమళ్ళీ వస్తాయి.

ఇక దొంగల మాట. వాళ్ళు పక్క కౌంటీలోని పాల్డింగ్‌లో పన్ను కింద నిలవచేసిన మొక్కజొన్న పట్టుకుపోయారు. పన్ను వసూలు చేసేవాళ్ళను, సైన్యానికి దారి చూపినవాళ్ళను చంపారు. తోవకాచి కాల్చిన సందర్భాలు ఉన్నాయి. వీటిని దాచి వాళ్ళను సాధువులుగా చూపడం నాకు ఇష్టం లేదు. చనిపోయిన వసూలుదారు కూడా ఎవరో ఒక ఇంటి మనిషే. అయితే దొంగల ముఠాను అణచడానికి ఏ ప్రభుత్వమూ, అటుపక్క శత్రువు ముంచుకొస్తుండగా, యుద్ధరంగం నుండి పటాలాలను వెనక్కి తెప్పించదు. 1864 మార్చిలో జనరల్ డాబ్నీ మోరీ దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లోని యుద్ధమంత్రికి రాస్తూ, వీళ్ళు బాహాటంగా తిరగబడ్డారనీ, ప్రభుత్వ సరుకు పట్టుకుపోతున్నారనీ, తమను తాము దక్షిణాది యాంకీలమని (యాంకీ అంటే ఉత్తరాదివాడు) చెప్పుకుంటున్నారనీ ఫిర్యాదు చేశాడు.

ఆ తరువాతి నెలలోనే కల్నల్ రాబర్ట్ లౌరీ తన పటాలంతో జోన్స్‌లోకి దిగాడు. వేటకుక్కలను వెంట తెచ్చాడు. దొరకనివారి ముసలి తండ్రులనూ, తమ్ముళ్ళనూ పట్టి బందీలుగా పెట్టి, వాడు లొంగిపోతేనే వీళ్ళను వదులుతానన్నాడు. కొద్దిరోజుల్లో పదిమందిని ఉరితీశారు. వారిలో పందొమ్మిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళున్నారు. మిగిలినవారిలో చాలామంది లొంగిపోయి తిరిగి దళాలకు వెళ్ళారు. కొందరు న్యూ ఆర్లియన్స్ చేరి ఉత్తరాది సైన్యంలో పేరు రాయించుకున్నారు. నైట్‌తో చిత్తడిలో మిగిలింది కొద్దిమందే. ఆ లౌరీయే 1882లో మిసిసిపీ గవర్నరై ఎనిమిదేళ్ళు పాలించాడన్నది గుర్తుంటే, ఈ కథను రాష్ట్రం అధికారికంగా ఎవరి వైపునుండి చెప్పుకుంటూ వచ్చిందో అర్థమవుతుంది.

సెలయేరు

ఇంతవరకు వచ్చిన టపాలన్నీ చదివాను. కౌంటీలో 407 మంది బానిసలు ఉన్నారని ఒక వాక్యంలో చెప్పి, ఆ తరువాత వాళ్ళను అందరూ మరచిపోయారు. వాళ్ళు కూడా ఆ కౌంటీ మనుషులే.

చిత్తడిలో నెలల తరబడి దాక్కున్న మగవాళ్ళకు తిండి ఎవరు పెట్టారు? ఇంటిదగ్గర ఉన్న ఆడవాళ్ళు పెట్టారు, బానిసత్వంలో ఉన్నవాళ్ళు పెట్టారు. ఆ చిత్తడి దారులు తోటలనుండి పారిపోయిన నల్లవాళ్ళకు తెల్ల రైతులకన్నా ముందే తెలుసు. వేటకుక్కలను తప్పించుకోవడం వాళ్ళకు కొత్త విద్య కాదు. కుక్కలకు వాసన దొరకకుండా కాలిబాట మీద ఎండుమిరపకాయల పొడి చల్లేవారని ఆ ప్రాంతపు జ్ఞాపకాల్లో పదేపదే వస్తుంది. లౌరీ కుక్కలతో వచ్చినప్పుడు తెల్ల రైతులకు ఆ విద్య ఉన్నట్టుండి అవసరపడింది.

రేచెల్ అనే ఆవిడ న్యూటన్ తాతగారైన జాకీ నైట్ ఇంటి బానిస. ఆ తాత కౌంటీలో ఎక్కువమంది బానిసలున్న భూస్వాముల్లో ఒకడు. న్యూటన్ తండ్రికి మాత్రం బానిసలు లేరు. ఒకే కుటుంబంలో ఈ చీలిక ఉండడం గమనించాలి. రేచెల్ దళానికి తిండి, కబుర్లు చేరవేసిందని రెండువైపుల సంతతీ చెబుతారు. యుద్ధం తరువాత న్యూటన్ ఆవిడతో కలిసి బతికాడు, పిల్లలను కన్నాడు, 1876లో 160 ఎకరాల భూమి ఆవిడ పేర రాసిచ్చాడు. భూమి పత్రం ఉత్త జ్ఞాపకం కాదు కదా.

ఇక తెల్ల ఆడవాళ్ళ సంగతి. తూర్పుగాలి గారు గాదె అన్నారు, బాగుంది. ఆ గాదెకు కాపలా ఉన్నది ఆడవాళ్ళు. అధికారి వస్తున్నాడని కొమ్ము ఊది అడవికి కబురు పంపేది వాళ్ళు, అధికారి వచ్చాక నిలదీయబడేదీ వాళ్ళే. వాళ్ళ పేర్లు ఏ దళపు జాబితాలోనూ లేవు. అసలు జాబితానే ఆధారమని కూర్చుంటే ఈ కౌంటీ తిరుగుబాటు యాభై అయిదు మంది మగవాళ్ళ పనిగా మాత్రమే మిగులుతుంది.

తూర్పుగాలి

సెలయేరు గారి వాదనను గౌరవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పాలి. రేచెల్ యుద్ధకాలపు పాత్ర గురించి మనకు తెలిసినదంతా కుటుంబాల నోటిమాట. ఆ మాటల్లో కొన్నింటిని ఆవిడను పొగడడానికీ, కొన్నింటిని ఆవిడను దూషించి న్యూటన్‌ను చెడ్డవాడిగా చూపడానికీ తరువాతి తరాలు చెప్పాయి. 1876 భూమి పత్రం, జనాభా లెక్కలు, పెళ్ళిళ్ళ వివరాలు యుద్ధం తరువాతి సంబంధానికి రుజువులు. వాటి ఆధారంగా 1863 నాటి సంగతిని ఊహించవచ్చుగానీ నిర్ధారించలేం.

సెలయేరు

నోటిమాటను జల్లెడ పట్టవలసిందే. అయితే అదే జల్లెడ నైట్ మాటలకు కూడా పట్టండి. ఆయన 1921లో, చనిపోవడానికి ఏడాది ముందు, న్యూ ఆర్లియన్స్ విలేకరికి చెప్పిన మాటల నుండే దళం గురించిన వివరాలు చాలావరకు వచ్చాయి. అది కూడా అరవై ఏళ్ళనాటి జ్ఞాపకమే. చదవడం రాయడం నేరమైన మనుషుల విషయంలో మాత్రమే కాగితం చూపమనడం న్యాయం కాదు.

ఎర్రకొండ

పోలిక కోసం మరో రెండు కౌంటీలను ముందు పెడతాను, ఎందుకంటే అవి చూస్తే జోన్స్ ప్రత్యేకత తెలుస్తుంది. టెనసీలో స్కాట్ కౌంటీ 1861 జూన్‌లో విడిపోవడానికి వ్యతిరేకంగా 521 ఓట్లు, అనుకూలంగా 19 ఓట్లు వేసింది. ఆ తరువాత కౌంటీ కోర్టే టెనసీనుండి విడిపోతున్నట్టు తీర్మానించింది. ఆ తీర్మానాన్ని 1986లో గానీ లాంఛనంగా రద్దు చేసుకోలేదు. అలబామాలోని విన్‌స్టన్ కౌంటీ కూడా యూనియన్ పక్షమే. అక్కడి కుర్రాళ్ళు చాలామంది ఉత్తరాది సైన్యపు మొదటి అలబామా అశ్విక దళంలో చేరారు.

ఈ రెండూ కొండ ప్రాంతాలు. ఉత్తరాది సైన్యం వాటికి ఎంతో దూరంలో లేదు. జోన్స్ అలా కాదు. నలువైపులా దక్షిణాది ప్రభుత్వపు నేల, పత్తి రాజ్యపు నడిబొడ్డు. 1864 ఫిబ్రవరిలో షెర్మన్ మెరిడియన్ పట్టణం దాకా వచ్చి, రైలుపట్టాలు పీకి, వెనక్కి వెళ్ళిపోయాడు. జోన్స్ మనుషులకు సాయం అంత దగ్గరకు వచ్చింది అదొక్కసారే. అది కూడా నిలవలేదు. కాగితం మీద విడిపోయిన కౌంటీ ఒకటి నిజంగా ఉంది, అది స్కాట్. కాగితం లేకుండానే ప్రభుత్వాన్ని తన పొలిమేర దాటనివ్వకుండా కొన్ని నెలలపాటు నిలిపినది జోన్స్.

పైన్‌వనం

ఆ కొన్ని నెలలు ఏవో చెబితే నల్లరేగడి గారి మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మెక్‌లెమోర్ చనిపోయిన 1863 అక్టోబరు నుండి, లౌరీ దిగిన 1864 ఏప్రిల్ వరకు. ఆ ఆరునెలల్లో పన్ను అధికారులు ఈ కౌంటీలో పని చేయడానికి భయపడ్డారు. ఒకచోట ప్రభుత్వం లేకపోవడం వేరు, మరో ప్రభుత్వం ఉండడం వేరు. ఇక్కడ మొదటిది జరిగింది.

నల్లరేగడి

మరి యుద్ధం ముగిశాక వీళ్ళకు ఏం దక్కింది?

పాతకాగితాలు

వెంటనే దక్కినది ఆకలి. 1865 వేసవిలో ఉత్తరాది సైనికాధికారులు నైట్‌ను కౌంటీలో పేదలకు తిండిగింజలు పంచే పనికి నియమించారు. బానిసత్వం రద్దయినా పక్క కౌంటీలో ఒకాయన వదలకుండా పట్టుకున్న నల్లపిల్లలను విడిపించి తెచ్చే పని కూడా అప్పగించారు. ఓడిన దక్షిణాది రాష్ట్రాలను తిరిగి అమెరికాలో కలుపుకున్న పునర్నిర్మాణ కాలంలో, 1875లో, గవర్నర్ ఏడెల్‌బర్ట్ ఏమ్స్ అతనిని జాస్పర్ కౌంటీ పదాతి దళానికి కల్నల్‌గా చేశాడు. ఆ దళంలో సైనికులు నల్లవారు. అయితే ఆ ఏడాది ఎన్నికల్లో హింసతో పాత దక్షిణాది పక్షపువాళ్ళు తిరిగి గెలిచారు, మరుసటి ఏడాది ఏమ్స్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు.

కౌంటీ పేరుకు జరిగిన సంగతి చెప్పకుండా ఉండలేను. యుద్ధం ముగిసిన ఏడాదే కౌంటీలోని దక్షిణాది పక్షపువారు శాసనసభకు అర్జీ పెట్టి, జోన్స్ అన్న పేరుకు వచ్చిన అపకీర్తి పోవాలని కోరి, దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ పేరిట డేవిస్ కౌంటీ అనీ, ఎల్లిస్‌విల్‌కు దక్షిణాది సేనాని జనరల్ లీ పేరిట లీస్‌బర్గ్ అనీ మార్పించుకున్నారు. పునర్నిర్మాణ ప్రభుత్వం వచ్చాక పాత పేర్లు తిరిగి వచ్చాయి. ఓడిపోయిన యుద్ధపు నాయకుల పేర్లు పెట్టుకుంటే తప్ప తుడుచుకుపోదనుకున్నారంటే, ఆ మరక వాళ్ళ కంటికి ఎంత పెద్దదిగా కనిపించిందో ఊహించండి.

ఇక డబ్బు. తామూ యూనియన్ కోసం పోరాడిన సైనికులమేనని, జీతం ఇప్పించమని నైట్ 1870 నుండి అమెరికా కాంగ్రెస్‌ను అడుగుతూ వచ్చాడు. వ్యవహారం చివరికి ప్రభుత్వం మీద డబ్బు దావాలు వినే క్లెయిమ్స్ కోర్టుకు వెళ్ళి, 1900లో కొట్టివేతతో ముగిసింది. ఈ ముప్పై ఏళ్ళూ అడిగిన ప్రశ్న ఒక్కటే. మీరు యూనియన్‌కు విధేయులై పోరాడారా, లేక దక్షిణాది సైన్యానికి దొరకకుండా ఉండడానికి పోరాడారా? సరిగ్గా ఈ చర్చలో తూర్పుగాలి గారు వేసిన ప్రశ్నే.

సెలయేరు

ఎనభై ఏళ్ళ తరువాత కూడా ఈ యుద్ధం అదే ఎల్లిస్‌విల్ కోర్టులో నడిచింది. రేచెల్ మునిమనవడు డేవిస్ నైట్ రెండవ ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చి, 1946లో ఒక తెల్ల అమ్మాయిని పెళ్ళాడాడు. చూడడానికి తెల్లవాడే. అతని ఒంట్లో నల్లవారి రక్తం ఉంది కాబట్టి ఆ పెళ్ళి నేరమని 1948 డిసెంబరులో విచారణ జరిపి అయిదేళ్ళ శిక్ష వేశారు. చట్టం ప్రకారం ఎనిమిదో వంతు లేదా అంతకు మించి నల్ల రక్తం ఉంటే నేరం. కనుక, చనిపోయి అరవై ఏళ్ళయిన రేచెల్ పూర్తిగా నల్లజాతి మనిషా కాదా అన్నది తేల్చడానికి ఊళ్ళోని ముసలివాళ్ళను బోనెక్కించి, ఆవిడ జుట్టు ఎలా ఉండేది, రంగు ఎలా ఉండేది అని అడిగారు. 1949లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఎనిమిదో వంతు రుజువు కాలేదని శిక్షను రద్దు చేసింది.

నోటిమాట రుజువు కాదు అన్న తూర్పుగాలి గారికి ఇది చెప్పాలనిపించింది. రేచెల్ విషయంలో ముసలివాళ్ళ నోటిమాట, అయిదేళ్ళ జైలు వేయడానికి ఆ కింది కోర్టుకు సరిపోయింది.

తూర్పుగాలి

ఆ దెబ్బ నాకు తగిలింది, ఒప్పుకుంటాను. అయినా నా మొదటి వాదనను వదలడం లేదు. తిరుగుబాటుకు మూలం పన్ను, ఆకలి, నిర్బంధ సేవ అన్నది నా మాట.

ఎర్రకొండ

మూలం అదే కావచ్చు. మూలం దగ్గరే అందరూ ఆగిపోయారా అన్నది ప్రశ్న. జాస్పర్ కాలిన్స్ యుద్ధం తరువాత పుట్టిన తన కొడుక్కి యులిసిస్ షెర్మన్ కాలిన్స్ అని పేరు పెట్టాడు. ఉత్తరాది సేనానులు గ్రాంట్, షెర్మన్ ఇద్దరి పేర్లూ కలిపి ఒక మిసిసిపీ పల్లెటూరి పిల్లవాడికి పెట్టడం ఆ రోజుల్లో ఆషామాషీ పని కాదు. అతని అన్నదమ్ముల్లో ఒకడైన రైలీ న్యూ ఆర్లియన్స్ వెళ్ళి ఉత్తరాది సైన్యంలో చేరి అక్కడే చనిపోయాడు. మరికొందరు అన్నదమ్ములు టెక్సాస్‌లోని బిగ్ థికెట్ అడవిలో మరో తిరుగుబాటు గుంపుతో ఉన్నారు. మధ్యలో ఏ సంబంధమూ లేని రెండు రాష్ట్రాల్లో ఒకే తల్లి పిల్లలు ఒకే పని చేశారంటే, అది గాదె ఖాళీ కావడం వల్ల మాత్రమే జరిగిందనడం కష్టం. ఆ ఇంట్లో యుద్ధానికి ముందే ఒక అభిప్రాయం ఉంది.

తూర్పుగాలి

కాలిన్స్ కుటుంబం వరకు అంగీకరిస్తాను. అయితే లౌరీ వచ్చినప్పుడు లొంగిపోయి, దక్షిణాది దళాలకు తిరిగి వెళ్ళినవారు న్యూ ఆర్లియన్స్ వెళ్ళినవారికన్నా ఎక్కువమంది. వాళ్ళు కూడా ఇదే కౌంటీ. మీరు కాలిన్స్‌ను చూపి కౌంటీ అంటున్నారు, నేను వాళ్ళను చూపి కౌంటీ అంటున్నాను.

పాతకాగితాలు

నల్లరేగడి గారూ, మీరు దీని మీద ఎక్కడైనా రాయదలిస్తే స్వతంత్ర రాజ్యం అన్న మాటను తీసేసి, 1863 అక్టోబరు నుండి 1864 ఏప్రిల్ వరకు దక్షిణాది ప్రభుత్వపు పన్ను అధికారులు పనిచేయలేకపోయిన కౌంటీ అని రాయండి. 2,916తో పాటు 407 అన్న సంఖ్య కూడా తప్పనిసరిగా ఇవ్వండి. ఉరితీయబడిన పదిమంది గురించి రాస్తే మెక్‌లెమోర్ గురించీ రాయండి.